జడ పిల్లోడి ఫోటో

మా అత్తగారింట్లో మగవాళ్లెవరికీ ఫోటో ఉండేది కాదు. నా పెళ్లినాడు కూడా తీయించలేదు. ఫోటో దిగడమంటే మన ముఖం మనమే శత్రువు చేతికి ఇవ్వడమని మా మామ బయ్యన్న అనేవాడు. పై ఊరి రామప్ప వర్గం వాళ్లు నరకడానికి ఎక్కడెక్కడి నుంచో కిరాయి మనుషుల్ని తెచ్చేవాళ్లు. ముఖం తెలియకపోతే వాళ్లు ఉత్త చేతులతో తిరిగిపోతారట. ఏం తెలివి! ఆ తెలివి నా మొగుణ్ణి కాపాడిందా?

ఎర్రన్న ఉరవకొండ నుంచి వేరుశనగ విత్తనాల బండి తోలుకొస్తుంటే పట్టపగలు వాగువంక దగ్గర అడ్డంపడి నరికారు. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి అతనొకచోట, అతని కుడిచెయ్యి ఒకచోట ఉన్నాయి. విత్తనాల బస్తాలన్నీ నెత్తురు. మా మామ కంట చుక్క నీరు రాలేదు. నా కొడుకు ఈశ్వరప్పను చంకన ఎత్తుకొచ్చి, ఆ నెత్తుట్లో వాడి పాదాలు మోపించాడు.

"ఈ పిల్లోని పుట్టెంట్రుకలు ఇప్పుడు తీసేది ల్యా. వీళ్ల నాయనను నరికినోళ్లు కూలినంక కదిరి నరసింహసామి కాడ తీపిస్తా. అంతవరకూ జడ పెరగనీ," అన్నాడు ఊరంతా వినేలా.

నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏమంటానో వాళ్లకు తెలుసు మరి.

అట్లా నా కొడుకు నెత్తిన పగ పెరిగింది. రోజూ నూనె రాసి, చిక్కు తీసి, ఎర్ర రిబ్బను పెట్టి జడ వేసేదాన్ని నేనే. నడుము దాకా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు, అందరికీ జడ పిల్లోడే. బడిలో ఎవడో జడ లాగాడని వాడు ఏడుస్తూ వస్తే, మా మామ వాడి చేతికి వేటకొడవలి ఇచ్చి పెరట్లో అరటిబోదె నరికించాడు. ఒకరోజు వాడు ఆ కొడవలితో కోడిపిల్లను రెండు తుంటలు చేసి, "రామప్ప సచ్చినాడు! రామప్ప సచ్చినాడు!" అని ఎగిరాడు. మా మామ పగలబడి నవ్వి వాడి నోట్లో బెల్లం పెట్టాడు. వాడి చేతుల నెత్తురు కడుగుతుంటే నాకు ఒళ్లంతా మంట పుట్టింది. పౌరుషమట, గాడిద గుడ్డు పౌరుషం! వీణ్ణి ఇక్కడే ఉంచితే నరకనైనా నరుకుతాడు, నరికించుకోనైనా నరికించుకుంటాడు. ఈ కొంపలో మూడో దారి లేదు.

మూడో దారి నా తమ్ముడు రామాంజులు చూపించాడు. వాడు సముద్రం అవతల పినాంగులో బట్టల అంగడి పెట్టుకున్నాడు. మద్రాసులో ఓడ ఎక్కితే చాలు, తక్కినవన్నీ నేను చూసుకుంటానని కబురు చేశాడు. గుత్తిలో మా పిన్నికి జబ్బుగా ఉందని వంక పెట్టి నేను అనంతపురం పోయాను. అక్కడ టైపు కొట్టే ఓబుళేసు పాస్‌పోర్టు అర్జీలు నింపేవాడు.

"పిల్లోనికి వేరే పాస్‌పోర్టు పనిల్యాక్కా. చిన్నోడు గదా, నీ దాంట్లోనే పేరు రాసి ఫోటో అంటిస్తారు. వాళ్ల నాయన సంతకం మాత్రం కావల్ల," అన్నాడు.

"నాయన ల్యాడు. నరికినారు."

అతను మిషనులో కొత్త కాగితం ఎక్కించాడు. "అట్లయితే చావు సర్టిఫికెట్టు పెట్టక్కా. తల్లి సంతకం సాలు."

తల్లి సంతకం చాలునట! వాడు పుట్టినప్పటి నుంచి వాడి గురించి నా మాట చెల్లడం అదే మొదలు. ఆ కాగితం మీద ఎంత గట్టిగా సంతకం పెట్టానంటే కింది కాగితం మీదకు కూడా దిగింది. "ఫోటోలో మొకం నిండుగా కనపడల్ల. ఓడ కాడ ఆఫీసరు ఫోటో చూస్తాడు, మనిషిని చూస్తాడు. రెండూ కలవల్ల. కలవకపోతే ఎనక్కి పంపిస్తారు," అని ఓబుళేసు మరీమరీ చెప్పాడు.

అట్లా మా ఇంటి మగవాళ్లలో మొట్టమొదట ఫోటో దిగింది నా కొడుకు. గుత్తి బజారులో సోమప్ప స్టూడియోలో. సోమప్ప వాడి జడను చూసి మురిసిపోయి, ఎర్ర రిబ్బను కనపడేలా భుజం మీంచి ముందుకు వేసి తీశాడు. ఆ ముచ్చట అక్కడితో ఆగిందనుకున్నాను.

పాస్‌పోర్టు మా పిన్ని ఇంటికి వచ్చింది. ఓడ టిక్కెట్లు కూడా వచ్చాయి. పిన్నికి మళ్లీ జబ్బు చేసిందని చెప్పి, పిల్లాణ్ణి, ఒక చేతిసంచిని తీసుకుని పొద్దున్నే బస్సెక్కాను. గుత్తిలో దిగి, పిన్ని దగ్గర కాగితాలు తీసుకుని, స్టేషనుకు పోయే దారిలో సోమప్ప అంగడి ముందు నుంచి పోతున్నాము. అతను నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు, ముఖమంతా నవ్వు.

"అమ్మా, మీ పిల్లోని ఫోటో పెద్దది సేసి అద్దాల బీరువాలో పెట్నాను. సంతకొచ్చినోళ్లంతా నిలబడి సూసిందే! నిన్న మీ వాళ్లు ఇద్దరొచ్చి ఇప్పించుకుని పోయిరి."

"మా వాళ్లా? ఎవురు?"

"ఏమో తల్లీ. పిల్లోనికి బంధువులమన్యారు. వాళ్లమ్మ ఎప్పుడొస్తాది, రైలుకు వస్తాదా బస్సుకు వస్తాదా అని అడిగిరి. రేపు రైలుకు మద్రాసు పోతాదంట, మీ పిన్ని అనింది అని నేనే సెప్తి."

అతని గల్లా పట్టుకున్నాను. చెంప మీద కొట్టాను, మళ్లీ కొట్టాను. "నీ నోట్లో మన్నుబడ! నా బిడ్డను సంపినావు గదరా!" అన్నాను. అతని పెదవి పగిలి నెత్తురు కారుతోంది, ఎందుకు కొడుతున్నానో మాత్రం అతనికి అర్థం కాలేదు. బజారులో జనం ఆగి చూస్తున్నారు. అందరి కళ్లూ నా కొడుకు జడ మీదే ఉన్నట్టనిపించింది.

వెనక్కి పోతే మా మామ. ముందుకు పోతే ఆ ఇద్దరు. బస్‌స్టాండు పక్కన వేపచెట్టు కింద ఒక మంగలి పెట్టె పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పిల్లాణ్ణి అతని ముందు కూర్చోబెట్టాను.

"గుండు గీకప్పా. బిరీన."

అతను జడ పట్టుకుని చూసి చెయ్యి తీసేశాడు. "ఇది పుట్టెంట్రుకల మొక్కమ్మా. సామి కాడ తీయల్ల, మేనమామ ఒళ్లో కూచోబెట్టి తీయల్ల. రోడ్డు మీద నేను కత్తి పెట్టను. నాకూ పిల్లలుండారు."

"నరసింహసామికి కోపమొస్తే నన్ను సీల్చమను. కత్తి ఇట్లా తే!"

అతను ఇవ్వలేదు. నేనే లాక్కున్నాను. ముందు జడను మొదట్లో పట్టి కోశాను. కసకసా తెగింది. తర్వాత తలంతా గీకాను. వాడు తల విదిలించాడు, కత్తి చెవిపైన తెగ్గోసింది, నెత్తురు మెడ మీదకు కారింది. వాడు కెవ్వుమని, "తాత కొడతాడు మా! రామప్ప సావకముందే తీసేసినావు!" అని ఏడ్చాడు. వీపు మీద ఒక్కటిచ్చాను. జడను రిబ్బనుతో సహా కొంగు చింపి మూటకట్టి సంచిలో వేసుకున్నాను. దేవుడిది దేవుడికి ఎప్పుడో ఒకప్పుడు ఇవ్వాలి కదా అనుకున్నాను.

మధ్యాహ్నం ఎండలో స్టేషను చేరాము. ప్లాట్‌ఫారం మీద రేకుల నీడన కూర్చుంటే, తిరుపతి పోయే కుటుంబమొకటి పక్కనే చేరింది. అంజనమ్మ, ఆమె కొడుకు చెన్నప్ప. భర్త టిక్కెట్ల దగ్గర ఉన్నాడు. చెన్నప్పకూ పుట్టెంట్రుకలు, నడుము దాకా జడ, జడ నిండా కనకాంబరాలు. నా కొడుకంత ఉంటాడు. తిరుపతి కొండకు మొక్కుకున్నారట, నాలుగేళ్లు వరసగా పంటలు ఎండిపోయి ఇప్పటిదాకా పోలేకపోయారట.

"మీరు అప్పుడే తీపించినారా? యా సామికి?" అంది అంజనమ్మ.

"కదిరి," అన్నాను.

ఆమె సంచిలోంచి చెక్కిలాలు తీసి ఇద్దరు పిల్లలకూ పెట్టింది. నా కొడుకు చెన్నప్ప జడ పట్టుకుని, "నాది నీ దానికన్నా పెద్దది ఉండె," అన్నాడు. వాడు "అబద్ధం" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. "మావాణ్ణి కొంచెం సూస్తాండు తల్లీ, నీళ్లు పట్టుకోనొస్తా," అని అంజనమ్మ చెంబు తీసుకుని కుళాయి దగ్గరకు పోయింది.

అప్పుడే ఆ ఇద్దరూ వచ్చారు. తలకు తువ్వాళ్లు, భుజాన గోనెసంచులు. ఒకడి చేతిలో నా కొడుకు ఫోటో ఉంది. ఫోటో చూశాడు, నన్ను చూశాడు, నా పక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల్ని చూశాడు. గుండు మీద వాడి కళ్లు ఆగలేదు. జడ మీద ఆగాయి.

గోనెలోంచి గొడ్డలి బయటికొచ్చింది.

నేను లేచి చెన్నప్పకు అడ్డం పడ్డాను. "వీడు కాదన్నా! వీడు ఎర్రన్న కొడుకు కాదు! మీ కాళ్లు మొక్కుతా, వీడు నా బిడ్డ కాదు!" అని గొంతు చించుకున్నాను.

ఫోటో పట్టుకున్నవాడు రెండోవాడితో, "ఎర్రన్న పేరు సెప్పింది సూడు. ఈమే తల్లి. ఏ తల్లయినా అట్లే అంటాది, ఏసెయ్," అన్నాడు.

మొదటి దెబ్బ నా ముంజేతి మీద పడి ఎముక దాకా దిగింది. రెండోది నన్ను దాటి పోయింది. నా కాళ్ల దగ్గర ఆ పిల్లవాడు అమ్మా అని కూడా అనలేదు. మెడ సగం తెగిపోయింది. కనకాంబరాలు నెత్తుట్లో తడిసి నేల మీద పడ్డాయి. గొడ్డలివాడు ఇంకో దెబ్బ వేశాక, రెండోవాడు ఫోటోను పిల్లవాడి మీద పారేసి, "సెప్పుపో మీ మామకు, విత్తనం ల్యాకుండా సేసినామని," అన్నాడు. ఇద్దరూ పట్టాలు దాటి పోయారు, పరుగెత్తను కూడా లేదు. స్టేషనులో ఒక్కడు కూడా అడ్డం రాలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు పోలీసు ఈల ఎక్కడో దూరంగా వినిపించింది.

అంజనమ్మ చెంబు పారేసి వచ్చి పడింది, వెనకే ఆమె భర్త టిక్కెట్లతో వచ్చి కూలబడ్డాడు. కొడుకు తలను మెడకు ఆనించి పట్టుకుని, అతుక్కుంటుందేమోనని అదిమింది. తర్వాత నా చెయ్యి చూసింది. తన కొంగు చింపి నా గాయానికి కట్టు కట్టింది. ఆ కట్టు కట్టేటప్పుడు నేను చచ్చిపోయినా బాగుండేది.

"నా బిడ్డకు అడ్డం పడినావు తల్లీ," అంది. "పరాయిదానివై కూడా అడ్డం పడినావు. ఎందుకు సంపినారమ్మా వీణ్ణి? మాకు పగోళ్లే ల్యారే!"

చెప్పాలని నోరు తెరిచాను. రైలు వచ్చి ఆగింది. గొడవ చూసి డ్రైవరు రైలును ఎక్కువసేపు నిలిపేలా లేడు, అప్పుడే కూత వేస్తున్నాడు. నా కొడుకు నా చీర పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. అంజనమ్మే మమ్మల్ని తోసింది. "పో తల్లీ. నీ బిడ్డనన్నా తీసుకోని పో. ఈ నేల మీద ఉండొద్దు," అంది.

ఎక్కాను. చెప్పకుండా ఎక్కాను. చెప్పి ఉంటే ఆ ఇద్దరు మళ్లీ వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, అది నిజం. నా కొడుకే నాకు ఎక్కువయ్యాడు, అదీ నిజమే.

మద్రాసు హార్బరులో ఆఫీసరు తెలుగువాడే. నా పాస్‌పోర్టు తెరిచి ఫోటో చూశాడు, నా కొడుకు గుండు చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు.

"ఏమ్మా, ఈ ఫోటోలో పిల్లవాడికి ఇంత జడ ఉంది. ఈ అబ్బాయి ఎవరు? ఒకరి పేరు మీద ఇంకొకర్ని ఓడ ఎక్కించేవాళ్లను రోజూ చూస్తున్నాను. ఫోటోలో పిల్లవాడు ఎక్కడ?"

వెనక వరసలో జనం గొణుగుతున్నారు. ఓడ మెట్ల దగ్గర గంట కొడుతున్నారు. నేను సంచిలోంచి మూట తీసి అతని బల్ల మీద విప్పాను. జడ, ఎర్ర రిబ్బను. అతను జడను ఫోటో పక్కన పెట్టి చూశాడు. రిబ్బను ముడి చూశాడు. నా కొడుకు గడ్డం పట్టుకుని ముఖం ఎత్తి, చెవిపైన ఎండిన గాటు చూశాడు. కట్టులోంచి నెత్తురు ఊరుతున్న నా చెయ్యి కూడా చూశాడు. ఏమనుకున్నాడో, ముద్ర వేసేశాడు.

"సరేనమ్మా. ఫోటోలో ఉన్నది వీడే," అన్నాడు.

గుత్తి నుంచి ఒక్క మాట మాట్లాడని నా కొడుకు అప్పుడు నోరు తెరిచాడు.

"కాదు సార్. ఫోటోలో ఉండే పిల్లోణ్ణి గుత్తిలో నరికినారు."

ఆఫీసరు చెయ్యి ముద్ర మీదే ఉండిపోయింది. నావైపు చూశాడు. అతను పాస్‌పోర్టు మూసి నా చేతిలో పెట్టి, తల పక్కకు తిప్పుకున్నాడు. జడను నేను మళ్లీ మూట కట్టుకున్నాను, వాడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కాను. సగం మెట్ల మీద వాడు ఆగి నన్ను అడిగాడు.

"మా, చెన్నప్ప జడ తిరుపతికి ఎవురు తీసుకపోతారు?"