నేను రొట్టెనవ్వాలి

నేను ఒక ఇనప పీపాను. తూర్పు జర్మనీలో రైలింజన్లు తయారుచేసే కార్ఖానాలో ఏళ్ల తరబడి గ్రీజు మోసిన ఒళ్లు నాది. బెర్లిన్ గోడ కూలి రెండు జర్మనీలు ఒకటయ్యాక కార్ఖానా మూతపడింది. మనుషులకు తలా ఒక పువ్విచ్చి పంపారు. నన్ను అదీ లేకుండా పెరట్లోకి దొర్లించారు. క్రేన్ నడిపిన సిల్కే వెళ్తూ వెళ్తూ కసికొద్దీ నన్ను సుత్తితో ఒక్కటిచ్చింది. నేను ఊరుకుంటానా? పెరడంతా దద్దరిల్లింది. అంతే, బండిమీద వేసుకుని ఇంటికి తీసుకుపోయింది.

పని పోయినవాళ్లే మరో ముగ్గురు గిటార్లతో చేరారు. చెవుల్లోంచి పోని యంత్రాల చప్పుడునే పాట చేశారు. మధ్యలో నా మోత. సిల్కే గొంతంటారా, క్రేన్ మీంచి కిందికి కేకలేసి రాటుదేలింది. ఆమె 'ర' ముందు మీ బండి ఱ దిగదుడుపే.

ఒకనాడు బెర్లిన్ నుంచి రికార్డుల కంపెనీ పెద్దమనిషి దిగాడు. జర్మన్‌లో పాడితే కవాతు చేయిస్తున్నట్టుంటుందట, ఇంగ్లీషులో పాడితేనే ఒప్పందమట. సిల్కే బడిలో చదివింది రష్యన్. పాపం, నిఘంటువు ముందేసుకుని పాట తిరగరాసింది. జర్మన్‌లో 'బెకోమెన్' అంటే దొరకడం. ఇంగ్లీషు 'బికమ్' కూడా అదేననుకుని ఆ మాట వెతకనేలేదు. ఆయన వినడానికొచ్చిన కచేరీలో, అంతమంది ముందు 'నాకు రొట్టె దొరకాలి' అనబోయి, 'నేను రొట్టెనవ్వాలి' అని గొంతు చించుకుంది.

పెద్దమనిషి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ముందు వరసలూ నవ్వాయి. నాకు ఒళ్లు మండిపోయింది. తిండి కోసం అరిచే మనిషిని చూసి నవ్వడానికి సిగ్గుండక్కర్లా? సిల్కే మొహం కందిపోయింది. ఒప్పందం కాయితం ఆయన జేబులోనే ఉంది. తలవంచుకుని పాట పూర్తిచేస్తే బతుకు గట్టెక్కుతుంది.

"నా ఆకలి నా భాషలోనే చెప్తాను. కావాలంటే మీరే నేర్చుకోండి," అంది మైకులో.

సుత్తి ఎత్తింది. అదే పాట, జర్మన్‌లో. నా నడుం సొట్టపోయింది, పోతే పోనీ! రెండో చరణానికి నవ్విన వరసలే పిడికిళ్లెత్తాయి. ఆయన కాయితంతో సహా వెళ్లిపోయాడు. బోడి కాయితం.

అలా జర్మన్‌లోనే పాడే బృందాలు అప్పటికే కొన్ని ఉన్నాయి, తర్వాత ఇంకెన్నో పుట్టుకొచ్చాయి. ఎక్కడెక్కడివాళ్లో ఆ పాటల కోసం జర్మన్ మాటలు బట్టీపట్టారు. నన్ను మాత్రం మ్యూజియంలో పెట్టి చుట్టూ తాడు కట్టారు. మోగడానికే బతికినదాన్ని ముట్టుకోకూడదట!

మొన్న సిల్కే వచ్చింది. జుట్టు నెరిసింది. తాడు దాటి, నా సొట్ట తడిమి, పిడికిలితో ఒక్కటిచ్చింది. కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు. విదేశీయురాలనుకుని ఇంగ్లీషులో కసిరాడు.

"తిట్టేదేదో జర్మన్‌లో తిట్టు నాయనా," అంటూ ఇంకోటిచ్చింది.

నేను ఊరుకుంటానా?