అరవై జతల కళ్ళు

పొద్దున టీ తాగి గ్లాసు కడిగి బోర్లించాక దూలయ్య తడిపళ్ళెం మూత తీసేవాడు. స్టీలు పళ్ళెంలో తడిగుడ్డ, దాని మీద బేకరీవాళ్ళు వాడే కాగితం, ఆ కాగితం మీద రంగు చుక్కలు. ఎండాకాలం మణుగూరులో రంగు కుంచె నుంచి బొమ్మ దాకా పోయేలోపే ఎండిపోతుంది. తడిపళ్ళెంలో అయితే మర్నాటికీ బతికి ఉంటుంది.

ముప్పై ఏళ్ళు ఆయన బొగ్గు గనుల్లో కాంట్రాక్టు పెయింటరు. ఇంటంత డంపర్ల మీద మనిషంత నెంబర్లు వేసినవాడు. ఇప్పుడు బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులకు రంగులేస్తున్నాడు. హైదరాబాదులో కొందరు పెద్ద బల్లల మీద ఈ సైనికులను బారులు తీర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలు విసిరి యుద్ధాలు ఆడతారు. ఆడటం వచ్చినవాళ్ళకు రంగులేసే చెయ్యి రాదు. అందుకని బొమ్మలు బస్సులో మణుగూరు వస్తాయి.

"గింత బొమ్మకు గన్ని దినాలా?" అనేది భార్య జంపక్క.

"డంపరు మీద తప్పు పోతే ఎవడూ చూడడే. దీన్ని ముక్కు కాడ పెట్టుకొని చూస్తరు."

పక్కన కూర్చుని పని నేర్చుకునేవాడు జంపక్క తమ్ముడు కోటేష్. నలభై దాటినవాడు. గనుల్లో కాంట్రాక్టు పోయి రెండేళ్ళుగా ఖాళీ. దూలయ్య వాడి దగ్గర ఏదీ దాచుకోలేదు. రంగు మజ్జిగ తేటంత పల్చగా కలపాలన్నాడు. ఒక్క మందపు పూత మొఖాన్ని పూడ్చేస్తుంది, రెండు పల్చటి పూతలు మొఖాన్ని నిలబెడతాయన్నాడు. నల్లటి నీళ్ళరంగు వదిలితే అదే మడతల్లోకి పారి నీడ అవుతుందని చూపించాడు. కవచం అంచులు మెరవాలంటే కుంచెను గుడ్డకు తుడిచి తుడిచి, ఇక రంగు లేదు అనిపించినప్పుడు మొదలుపెట్టాలి.

"రంగు లేనప్పుడు ఏం ఏస్తం బావా?"

"లేదనుకుంటవు. ఉంటది. గదే పని."

కళ్ళు మాత్రం ఆఖరున. కళ్ళు పెట్టగానే సైనికుడికి ఎదురుగా ఏ మొఖం కనిపిస్తే ఆ మొఖానికే సొంతమైపోతాడు. ఆ మనిషి ఎటు నడిస్తే అటు మెడ తిప్పుతాడు. అందుకే కొనేవాళ్ళు బొమ్మలతో పాటు తమ ఫొటో పంపేవాళ్ళు. ఒకాయన ఫొటో పంపడం మర్చిపోయాడు. ఆయన దండు గోడ మీది క్యాలెండర్లో సబ్బు పట్టుకున్న అమ్మాయిని చూసి కళ్ళు తెరిచింది. చేసేది లేక క్యాలెండర్ కూడా పార్సిల్ కట్టారు.

ఆ ఏడు ఆటబొమ్మల కంపెనీ ఒకటి భద్రాచలంలో రంగుల షెడ్డు పెడతానంది. ఇరవైమంది ఆడవాళ్ళకు పని నేర్పడానికి ఉస్తాదు కావాలి. ఖమ్మంలో పోటీ పెడతారు. ఎవరి దండు బాగుంటే వాళ్ళే ఉస్తాదు, షెడ్డు బోర్డు మీద వాళ్ళ పేరు. ముప్పై ఏళ్ళు వేసిన నెంబర్ల కింద ఎక్కడా దూలయ్య పేరు లేదు. ఈ బోర్డు మీద ఉండి తీరాలని ఆయన పట్టు. ఎనిమిది నెలలు కూర్చుని అరవైమంది సైనికులను తయారుచేశాడు. వాళ్ళ కాళ్ళ కింద గోదావరి ఇసుక అంటించాడు.

కళ్ళు మిగిలాయి. అప్పుడే ఆయన చూపు పోయింది. ఎడమకన్ను ముందే మసక, కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేసి, పదిహేను రోజులు వంగొద్దు, కుంచె ముట్టొద్దు అన్నారు. పోటీ సరిగ్గా పదిహేనో రోజున.

"తమ్ముడు పెడతడు. నీ ఫొటో ఎదురుంగ పెడతం. నువ్వు పండుకో," అంది జంపక్క.

దూలయ్య సరేనన్నాడు. పోటీ కాగితం కూడా కోటేషే నింపాడు. బొమ్మలను దూదిలో చుట్టి పెట్టెలో సర్దిందీ వాడే.

ఖమ్మం హాల్లో కంపెనీ తరఫున పరీక్ష పెట్టే పద్మప్రియ మేడం చేతిలో అట్ట పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతోంది. ఎవరి బల్ల చుట్టూ వాళ్ళు ఒక చుట్టు నడవాలి. బొమ్మలు ఎవరిని చూస్తే దండు వాళ్ళది. అది అక్కడి నియమం.

దూలయ్య నల్లద్దాలు తీసి తన బల్ల చుట్టూ నడిచాడు. ఒక్క తల కదల్లేదు.

"కోటేష్ గారు ఎవరండీ? కాగితంలో ఆ పేరుంది," అంది పద్మప్రియ.

కోటేష్ ముందుకొచ్చాడు. అరవై మెడలు ఒక్కసారి తిరిగాయి.

దూలయ్యకు మొదట ఫొటో జారిపోయి ఉంటుందనిపించింది. వెంటనే లెక్క అందింది. ఒకటి రెండు తప్పొచ్చు. అరవైకి అరవై తప్పవు.

"అమ్మా, ఈ దండు నాది. కళ్ళు తప్ప అంతా నేనే ఏసిన. డాలు మీది తుప్పు ఎట్ల తేవాల్నో వాణ్ణి అడుగు."

"స్పాంజి ముక్కతోని మేడం," అన్నాడు కోటేష్. "ముందు ముదురు మట్టిరంగు అద్దాలె. పైన నారింజ ఆడాడ తాకియ్యాలె. తాకినట్టుండొద్దు." మాటకు మాట దూలయ్య మాటే.

"మా ఇంటిదాన్ని అడుగమ్మా. ఎనిమిది నెలలు ఎవరు కూసున్నరో చెప్తది."

పద్మప్రియ జంపక్క వైపు చూసింది. జంపక్క కొంగు సర్దుకుంది.

"చదువు రానిదాన్నమ్మా. బొమ్మల సంగతి నాకేం తెల్సు?"

కోటేష్ ఉస్తాదయ్యాడు.

తిరుగు బస్సులో మొగుడూ పెళ్ళాలు ఒకే సీటులో కూర్చున్నారు. కొత్తగూడెం దాటాక జంపక్క మెల్లగా అంది, "నీ ఫొటో ఎదురుంగ లేకుంట నేనే తీసేసిన."

"ఎందుకే?"

"వాడు రెండేండ్ల సంది ఖాళీగున్నడు. నీకు కన్నే ఆనకపాయె. ఇగ నీకెందుకు పేరు అనుకున్న."

"నన్ను అడిగినవా?"

"అడిగితే ఇస్తవా? మొండోనివి."

"ఇయ్య," అన్నాడు దూలయ్య. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నం పెట్టు, నీళ్ళు తోడు అన్న మాటలే మిగిలాయి.

మూడు నెలలకు, వానలు పడుతుండగా, కోటేష్ బొమ్మల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"బావా, వీళ్ళ కళ్ళు తుడిచెయ్యి."

దూలయ్య పెట్టె మూత తీశాడు.

"షెడ్డుల అద్దాల బీరువాల పెట్టిండ్రు. నేను కుంచె పట్టంగనే అరవైమంది నా దిక్కే చూస్తరు. తిట్టినట్టు చూస్తే ఓర్చుకుందు. గట్ల గాదు బావా. నేనేదో చేస్తనని చూస్తరు. ఒక్క గీత వస్తలేదు. ఆడోళ్ళు నవ్వుతున్నరు."

"నువ్వే తుడుసుకోరాదు?"

"స్పిరిట్ దూది దగ్గరికి తెస్తే కూడ కళ్ళు ముయ్యరు. నమ్ముతరు. నాతోని కాలే."

దూలయ్య ఒక సైనికుణ్ణి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. ఆపరేషనైన కంటికి ఇప్పుడు బాగా ఆనుతోంది. కనుపాప చక్కగా, గుండ్రంగా, సూదిమొన అంత కుదిరింది. వాడు కళ్ళు బాగా పెట్టాడు. సైనికుడు దూలయ్య భుజం మీదుగా కోటేష్‌నే చూస్తున్నాడు.

"తుడవ," అన్నాడు దూలయ్య. "పదిహేను దినాలు నేను చీకట్ల ఉన్న. అదెట్లుంటదో నాకు ఎరుక. వీళ్ళేం తప్పు చేసిండ్రు? నిన్ను చూసి కళ్ళు తెరిసిండ్రు. తీస్కపో."

కోటేష్ పెట్టె తీసుకుని వెళ్ళాడు. భద్రాచలం షెడ్డుకు మాత్రం పోలేదు. చర్ల బస్సెక్కి పుట్టిన ఊరికి పోయాడని, గుడిసెలో గూటి నిండా బొమ్మలు పెట్టుకుని, వాటి ఎదుట కూర్చుని పొద్దంతా పాత ప్లాస్టిక్ ముక్కల మీద గీతలు దిద్దుతున్నాడని అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పారు.

వారానికి పద్మప్రియ ఫోన్ చేసింది. కోటేష్ ఊరి నుంచి కాగితం రాసి పంపాడట. దండు మా బావదని, పని నేర్పిందీ ఆయనేనని. "మీరు రండి సార్. బోర్డు మీద పేరు మార్పిస్తాను."

జంపక్క ఆ మాట విని చకచకా రెండు సంచులు సర్దింది. పచ్చడి సీసా తన సంచిలో పెట్టుకుంది. దూలయ్య కుంచెలు కడిగి, తడిపళ్ళెం తన సంచిలో పెట్టుకుని, ఆ ఒక్కటీ భుజానికేసుకున్నాడు.

"మరి నేను?"

"భద్రాచలంల ఎవరన్న అడిగితే ఏం చెప్తవు? నీకు బొమ్మల సంగతి తెల్వదాయె."

ఆమె గడపలో నిలబడిపోయింది. దూలయ్య గొడుగు తెరిచి, వెనక్కి తిరగకుండా బస్టాండు వైపు నడిచాడు.