ఇంటిమనిషి వీధిలోకి దిగింది

ఫెర్మిన్ ముసలాయనను మట్టిచేసి వచ్చిన మధ్యాహ్నమే నొహేలియాను వీధిలో పెట్టారు.

ఎదురు భవనం నాలుగో అంతస్తు బాల్కనీలోంచి సుయాపా అంతా చూసింది. ముందు సూట్‌కేసు వచ్చింది. దాని వెనక దుప్పటి కుక్కిన ప్లాస్టిక్ సంచి. ఆ వెనక నొహేలియా. ముసలాయన కొడుకు గుమ్మంలో నిలబడి చెయ్యి చాచాడు. వీడ్కోలు చెబుతున్నాడనుకుని నొహేలియా తన చెయ్యి కలపబోయింది. అతను అడిగింది తాళంచెవి.

ఇచ్చేసింది. తలుపు మూసుకుంది.

కరోనా రోజుల్లో కన్నపిల్లలెవరూ ఆ గడప తొక్కలేదు. ముసలాయన్ని ఎత్తి కూర్చోబెట్టింది, కడిగింది, ఊపిరి అందనప్పుడు వీపు నిమిరింది నొహేలియాయే. ఈ రోజు శ్మశానానికి వెళ్లే కార్లలో ఆమెకు చోటు లేకపోయింది. వాళ్లు తిరిగొచ్చాక ఆ ఇంట్లోనూ లేకపోయింది.

నొహేలియా తల ఎత్తి చూసింది.

"ఎక్కడికెళ్తావే?" సుయాపా కమ్మీ మీంచి వంగి అరిచింది.

"నాకేం తెలుసు! ఒక్కసారి కిందికి రా అక్కా."

సుయాపా చేతిలో సూపు గిన్నె ఉంది. వెనక కుర్చీలో అమామా నోరు తెరుచుకుని చెంచా కోసం చూస్తోంది. ఆ ఊళ్లో నానమ్మనైనా అమ్మమ్మనైనా అలాగే పిలుస్తారు. సుయాపా చూసుకునే ఈ ముసలామె అసలు పేరు ఎదుర్నే. ఒకసారి రొట్టె కోసం సుయాపా అలా కిందికి వెళ్లి వచ్చేలోపే పడి తుంటి విరగ్గొట్టుకుంది.

"అమామాని ఒక్కదాన్నీ వదిలి ఎలా రాను?"

నొహేలియా తల ఊపింది. ఆ జవాబు ఆమెకు కొత్త కాదు. తనూ ఎన్నోసార్లు చెప్పిన జవాబే. సూట్‌కేసు చక్రాల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి, ఆగిపోయింది.

ఎదుటి బాల్కనీ కమ్మీకి గిన్నెలు తుడిచే గుడ్డ ఒకటి మిగిలింది. మధ్యలో ముడి వేసి ఉంది.

సుయాపాది హోండురాస్. నొహేలియాది నికరాగువా. బిల్బావో నగరంలో, సంతుచు పేటలో, ఒకే వీధికి అటూ ఇటూ బతికారు. ఇద్దరికీ సెలవు దొరికే గంటలు ఎప్పుడూ కలవలేదు. పక్కపక్కన కూర్చుని ఒక్క కాఫీ తాగింది లేదు. అందుకే గుడ్డల భాష పుట్టింది. కమ్మీకి ఎడమ చివర గుడ్డ ఆరేస్తే, ముసలిప్రాణం బాగానే ఉంది. కుడి చివర ఆరేస్తే, రాత్రి నిద్ర లేదు. మధ్యలో ముడి వేస్తే, నాకెవరూ లేరు, కాసేపు బయటికి రా. ఆ భాష మెల్లగా వీధంతా పాకింది. ముసలివాళ్లను చూసుకుంటూ ఇళ్లలోనే పడుండే ఆడవాళ్లందరికీ వచ్చేసింది. యజమానుల కంటికి మాత్రం అవి ఉత్త గుడ్డలు.

శనివారం కోల్డో వచ్చాడు. అమామా కొడుకు. యంత్రాల ఫ్యాక్టరీలో లేతు మీద పని. చెడ్డవాడు కాడు. వచ్చినప్పుడల్లా క్రీము బన్నులు తెస్తాడు, ఒకటి సుయాపాకి కూడా. చొక్కాకి కార్మిక సంఘం బిళ్ల ఉంటుంది.

"చూశావా," అన్నాడు పేపరు మడుస్తూ. "యూరప్ డబ్బు దిగుతోంది. మళ్లీ అంతా పుంజుకుంటుంది. కరోనాలో మా ఫ్యాక్టరీ మూసినన్నాళ్లూ ఇంట్లో కూర్చోబెట్టి భృతి ఇచ్చారు. ఒక్కణ్ణి తీసెయ్యలేదు. ఎవరి గొప్ప అనుకున్నావ్? సంఘానిది!"

"ఎదురింటి నొహేలియాని తీసేశారు, కోల్డో గారూ. ఆమెకేం భృతి వస్తుంది?"

"మీ పనికి అది లేదు. చట్టం అంతే."

"ఎందుకు లేదు?"

అతను నొచ్చుకున్నాడు. "ఫ్యాక్టరీ వేరు, ఇల్లు వేరు. అయినా నీకెందుకా గొడవ? నువ్వేమన్నా పనిదానివా? ఇంటిమనిషివి."

సుయాపా బన్ను కొరికింది. మిగిలింది పళ్లెంలో పెట్టేసింది. ఇన్నాళ్లూ ఆ మాట వింటే కడుపు నిండేది. దేశంకాని దేశంలో ఇంటిమనిషి అనిపించుకోవడం తక్కువ సంగతా! ఫోన్లో చెల్లెలికి కూడా గొప్పగా చెప్పుకుంది. ఫెర్మిన్ కొడుకు కూడా నొహేలియాను అలాగే అనేవాడని ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంటిమనిషికి జీతంలో పెంపు అడిగే నోరు ఉండదు. ఇంటిమనిషికి పనిగంటల లెక్క ఉండదు. ఇంట్లో ముసలిప్రాణం పోయిన రోజు ఇంటిమనిషికి ఇల్లే ఉండదు.

ఆదివారం కోల్డో తల్లి దగ్గర కూర్చుంటే సుయాపాకి ఒక పూట దొరికింది. తిన్నగా గుట్ట మీది పార్కుకు వెళ్లింది. ఒకప్పుడు అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు ఇటుకల పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. దాని కింద గడ్డి మీద ఆడవాళ్లు. బొలీవియా, పరాగ్వే, నికరాగువా. డబ్బాల్లో రాజ్మా అన్నం, నోళ్లలో వారమంతా దాచుకున్న మాటలు. ఒక్కొక్కతె గోడలతో మాట్లాడీ మాట్లాడీ వచ్చింది మరి, ఎవరి మాట ఎవరూ విననంత గోల.

నొహేలియా మధ్యలో కూర్చుని ఉంది. ఎవరో పగలు పనికి వెళ్తే ఆ మంచం మీద పగలు పడుకుంటోందట. సుయాపాను చూసి పలకరించింది, కానీ పక్కన జరిగి చోటివ్వలేదు. సుయాపా అంచున కూర్చుంది.

ఉనాయ్ అనే కాలేజీ కుర్రాడు లేచాడు. వలస మహిళల సంఘానికి సాయం చేస్తుంటాడు. "లక్సెంబర్గ్‌లో యూరప్ కోర్టు తీర్పిచ్చింది! ఇంటిపనివాళ్లకి నిరుద్యోగ భృతి లేకుండా చెయ్యడం వివక్ష అని చెప్పింది!"

"తీర్పు లక్సెంబర్గ్‌లో ఉంది నాయనా, నొహేలియా వీధిలో ఉంది," అంది సొరాయిదా. అందరికంటే పెద్దది, అందరికీ అక్క. "ఆ రెంటికీ మధ్య మాడ్రిడ్‌లో ప్రభుత్వం ఉంది. అక్కడ కుర్చీలు కదలాలి."

"అయితే సమ్మె చేద్దాం! ఒక్కరోజు పని ఆపండి!"

ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు.

"మా ముసలమ్మకి ముడ్డి కడగడానికి నువ్వొస్తావా?"

"వస్తాడులే, పుస్తకం పట్టుకుని!"

ఉనాయ్ చెవులు ఎర్రబడ్డాయి. సొరాయిదా నవ్వలేదు. పొగగొట్టం వైపు చెయ్యి చూపింది. "కుర్రాణ్ణి ఏడిపించకండే. అడగాల్సిందే అడిగాడు. ఈ ఫ్యాక్టరీలో వాళ్లు పని ఆపితే కొలిమి చల్లారేది. మనం ఆపితే మనిషి చల్లారతాడు. అది మన యజమానులకి బాగా తెలుసు. మన ప్రేమే మన మెడకి ఉరితాడు. ఏం చేద్దాం చెప్పండి?"

సుయాపా లేచి నిలబడింది. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది.

"కరోనాలో రోజూ రాత్రి ఎనిమిదికి బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు గుర్తుందా? డాక్టర్లకి, నర్సులకి. మా అమామా కూడా కొట్టేది. పడిపోకుండా వెనక నుంచి నడుం పట్టుకున్నది నేను. మనకెవరూ కొట్టలేదు. గురువారం ఎనిమిదికి, ఎవరి బాల్కనీలో వాళ్లం, గిన్నె మీద గరిటెతో కొడదాం. ముసలివాళ్లని వదిలి ఎక్కడికీ పోనక్కర్లేదు."

"గిన్నెలు కొడితే భృతి వస్తుందా?" ఎవరో ఎకసక్కెంగా అన్నారు.

"రాదు. ఎంతమందిమున్నామో తెలుస్తుంది."

"తెల్లారేసరికి ఉద్యోగం ఊడుతుంది," అంది ఇంకొకతె. "ఎవరు కొట్టారో, ఎవరు తలుపేసుకున్నారో ఎవరికి తెలుసు? ఒక్కదాన్నే కొట్టి ఒక్కదాన్నే వీధిన పడతాను."

అప్పుడు నొహేలియా సుయాపా వైపు సూటిగా చూసింది. "కొడతావా నువ్వు? ఆ రోజు కిందికే దిగలేదు."

సుయాపాకి దొరికిన పూట అయిపోయింది. గుట్ట దిగింది.

గురువారం రానే వచ్చింది. కోల్డో కూడా వచ్చాడు, రావలసిన రోజు కాకపోయినా. ఎనిమిది కావస్తోంది. ఇంకా వెలుతురు ఉంది. సుయాపా వంటింట్లోంచి పెద్ద గిన్నె, గరిటె తీసుకుని హాల్లోకి వచ్చింది.

కోల్డో దారికి అడ్డం నిలబడ్డాడు. "బార్లో అనుకుంటుంటే విన్నాను. మన ఇంట్లో ఇలాంటివి వద్దు. ఇరుగూపొరుగూ నన్నేమనుకుంటారు? సంఘంలో పెద్దమనిషిని!"

"ఒక్కటి చెప్పండి కోల్డో గారూ. నేను ఇంటిమనిషినేనా?"

"ముమ్మాటికీ!"

"అమామా పోయిన రోజు రాత్రి నేనెక్కడ పడుకుంటాను?"

 కోల్డో కిటికీ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, కాళ్లకేసి చూసుకున్నాడు.

"ఇంటిమనిషిని ఇంట్లోంచి గెంటరు. పనిమనిషినైతే చట్టం ఉండాలి. నాకు రెండూ లేవు. తప్పుకో, కోల్డో."

గారు లేకుండా అతన్ని పిలవడం అదే మొదలు.

"ఆ తలుపు దాటావంటే రేపు పొద్దున సామాను సర్దుకో!"

దాటింది. గరిటె ఎత్తింది. కొట్టింది.

ఠంగ్‌మని మోగి, ఎదురు గోడకు తగిలి తిరిగొచ్చింది. అంతే. ఇంకే చప్పుడూ లేదు. ఎదుటి బాల్కనీలో తలుపులు మూసి ఉన్నాయి, ముడివేసిన గుడ్డ మాత్రం గాలికి ఊగుతోంది. ఆమె మళ్లీ కొట్టింది. కింద బారు ముందు నిలబడ్డ మగవాళ్లు తలలెత్తి నవ్వారు. "ఏమ్మా, వంటయిందా?" మళ్లీ కొట్టింది. ఆ మహానగరంలో, ఆ సాయంత్రం, ఆమెంత ఒంటరి మరొకరు లేరు.  ఒక్కదాన్నే కొట్టి ఒక్కదాన్నే వీధిన పడతాను. పార్కులో విన్న ఆ మాటే నిజమయింది.

వెనక నుంచి మెత్తటి చప్పుడు.

"ఎనిమిదయిందా?" అంది అమామా. కొడుకు పేరు మరిచిపోయిన మనిషి, కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతోంది. "లేపవే సుయాపా, నన్ను కూడా లేపు."

సుయాపా కళ్లు మసకబారాయి. గిన్నె మీద గరిటె ఆగలేదు.

అప్పుడు, వీధి చివర ఎక్కడో, కనిపించని బాల్కనీలోంచి, సన్నగా, ఠింగ్. చిన్న గిన్నె. పాలు కాచే గిన్నె అయి ఉంటుంది. తర్వాత మూడో అంతస్తులో మూకుడు. ఆ వెనక వీధిలో మూతలు రెండు. ఒకరినొకరు చూడలేరు. చప్పుడు చప్పుడును వెతుక్కుంటూ వచ్చింది. బారు ముందు నవ్వు ఆగిపోయింది. కాసేపటికి పేటంతా వంటిల్లయి మోగింది.

కోల్డో హాల్లో రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పడుకునే ముందు సుయాపా గిన్నెలు తుడిచే గుడ్డను కమ్మీకి మధ్యలో ముడి వేసింది.

పొద్దున అమామాకు జుట్టు దువ్వింది. సూపు కాచి మూత పెట్టింది. ముద్దు పెట్టుకుంటే ముసలామె, "తొందరగా రా," అంది. రాత్రి అక్కడే ఉండిపోయిన కోల్డో చెయ్యి చాచాడు. ఆ చెయ్యి దేనికో ఆమెకు తెలుసు. తాళంచెవి అందులో పెట్టి సూట్‌కేసుతో మెట్లు దిగింది.

వీధి తలుపు తీసి, ఆగిపోయింది.

మూడో అంతస్తు ఈక్వడార్ పిల్ల ఉంది, తన ముసలమ్మను చక్రాల కుర్చీలో తోసుకుంటూ. వెనక వీధి బొలీవియా ఆమె ఉంది, టోపీ పెట్టుకున్న ముసలాయనతో. ఇంకా వస్తున్నారు. రోడ్డుకు అడ్డంగా చక్రాల కుర్చీలు, ఒళ్లో దుప్పట్లు, చేతుల్లో బిస్కెట్లు. కొందరు ముసలివాళ్లు ఏళ్ల తర్వాత ఒకరినొకరు గుర్తుపట్టి పాత తగాదాలు మొదలుపెట్టారు. ముందు సొరాయిదా. పక్కన నొహేలియా, సూట్‌కేసు మీద కూర్చుని. పక్కకు జరిగి చోటిచ్చింది.

"ముడి చూశాం," అంది. అంతకంటే ఏమీ అనలేదు.

సుయాపా తన సూట్‌కేసు పక్కన పెట్టి కూర్చుంది.

బాల్కనీలోకి కోల్డో వచ్చాడు. పని చొక్కా వేసుకుని ఉన్నాడు. షిఫ్టు వేళ దాటిపోతోంది. "పైకి రా సుయాపా! ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం!"

"నాకు ఇల్లు లేదు కోల్డో! మాట్లాడాలంటే నువ్వే దిగిరా!"

"అమ్మని ఒక్కదాన్నీ వదిలి ఎలా రాను?"

 అక్కడున్న ప్రతి ఆడమనిషీ ఆ మాటను గుర్తుపట్టింది. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని సినిమాలకు, ఎన్ని చావులకు వాళ్లు చెప్పిన జవాబు అది! నొహేలియా నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"మేం తెచ్చినట్టే తీసుకురా!" సొరాయిదా అరిచింది.

చాలాసేపటికి లిఫ్టు దిగిన చప్పుడైంది. కోల్డో కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. అమామా శాలువా తిరగేసి ఉంది. ఒక కాలికి మేజోడు లేదు. గుమ్మం దగ్గర కుర్చీ వాలింది. సుయాపా చెయ్యి తనంతట తానే లేచింది. మోకాలి మీద గట్టిగా అదిమి పెట్టుకుంది. కోల్డో తంటాలు పడి, చెమటలు కక్కి, ఎలాగో నిలబెట్టాడు. జేబులోంచి తాళంచెవి తీసి చాచాడు.

ఆమె అందుకోలేదు.

"ముందు నేనెవరో చెప్పు. ఇంటిమనిషి అనకు."

అతను చుట్టూ చూశాడు. అన్ని బాల్కనీలకూ గుడ్డలు. అన్నిటికీ మధ్యలో ముడులు.

"కార్మికురాలివి," అన్నాడు, నేలకేసి చూస్తూ.

"సోమవారం జరిగే మీ సంఘం సభలో మేమందరం ఉంటాం. మాడ్రిడ్ కదిలేదాకా మీ జెండా పక్కన మా గిన్నెలు మోగాలి. అక్కడ కూడా ఈ మాటే అనాలి."

కోల్డో గొంతు సవరించుకున్నాడు. ఆ మాటే పెదవుల చాటున మళ్లీ గొణిగాడు.

"వినపడలేదు," అంది నొహేలియా, సూట్‌కేసు మీంచి లేచి. "గట్టిగా!"

"గట్టిగా!" అంది వీధి.

అమామా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.