మద్దెలే ఓడు

అతన్ని అందరూ పిడుగు అనే పిలిచేవారు. పగలు కార్లకు అద్దాలు బిగించే పని, సాయంత్రాలు చెవులు చిల్లులు పడేంత మోత మోగించే హెవీ మెటల్ బ్యాండులో డ్రమ్స్. ఆ బిరుదు ఎవరిచ్చారని అడిగితే “జనం” అనేవాడు. నిజానికి తనకు తనే ఇచ్చుకున్నాడు. కాకపోతే ఏ పేరైనా ఏళ్ళ తరబడి పదిమంది చేత పిలిపించుకుంటే జనం పెట్టిన పేరే అయి కూర్చుంటుంది.

వాయించడం సంగతి తర్వాత చూద్దాం గానీ, సొంత డప్పు కొట్టుకోవడంలో అతనికి సాటి లేరు. కొత్త అద్దం పెట్టాక జిగురు ఆరేదాకా కారు కదలకూడదు. కారు కదలదు కాబట్టి కారు యజమానీ కదలడు. ఇక దొరికాడన్నమాటే! ఆ పెద్దమనిషిని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి పిడుగు మొదలుపెట్టేవాడు.

“మెటల్ వాయించేవాడు పాప్ ఏంటండీ, ఏదైనా వాయిస్తాడు. ఆ టీన్ పాప్ వాళ్ళని మా వేగంతో ఒక్క పాట వాయించమనండి, భుజాలు ఊడి చేతికొస్తాయి. వాళ్ళకేముంది? నాలుగు మెరుపు చొక్కాలు, నాలుగు గెంతులు. గొంతు సరిచేసేది కంప్యూటరు, డ్రమ్ము కొట్టేది కంప్యూటరు. వీళ్ళు పెదాలు కదిపితే చాలు!”

జిగురు ఆరేది, కారు వెళ్ళిపోయేది, ఇంకో కారు వచ్చేది. ఉపన్యాసం మాత్రం అదే.

ఇంట్లో ఇంకా ఘోరం. ఎందుకంటే అతని ఒక్కగానొక్క కూతురు చిట్టి, బళ్ళో తోటి పిల్లలు ముగ్గురితో కలిసి ఒక టీన్ పాప్ బృందం పెట్టుకుంది. కింద వాటావాళ్ళకు చప్పుడు వినబడకూడదని నలుగురూ మేజోళ్ళతోనే హాల్లో అడుగులు సాధన చేసేవాళ్ళు. ఫోను గట్టు మీద పెడితే అది టిక్కు టిక్కుమని లెక్క తప్పకుండా కొట్టేది. ఆ టిక్కుకి అడుగు, అడుగుకి మాట, మాటకి ఊపిరి. ఒక్క వరసనే మళ్ళీ మళ్ళీ మొదటినుంచీ. పిడుగు వాళ్ళ మధ్యలోంచే వంటింట్లోకి పోతూ, “ఏమర్రా, గడియారాలు రిపేరు చేస్తున్నారా?” అనేవాడు. చిట్టి పాట గురించి నోరు తెరిస్తే చాలు, మాట పూర్తి కాకుండానే అడ్డొచ్చేవాడు. “అది పాటా? పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి పనికొస్తుంది” అని తానే నవ్వుకునేవాడు.

“పిల్లలు కదండీ, వదిలెయ్యండి” అనేది భార్య.

“పిల్లలు కాబట్టే చెప్తున్నానే. పెద్దయ్యాక చెబితే వింటారా?”

ఇలా ఉండగా, ఊరూరూ తిరిగి పాడే ఒక యువబృందం వాళ్ళు కొత్త గాయనీ గాయకుల్ని ఎంచుకుంటున్నారని తెలిసింది. చిట్టికి రెండేళ్ళ నుంచీ అదే కల. ఈసారి షరతు ఏమిటంటే ముందే రికార్డు చేసిన సంగీతం పెట్టుకుని పాడకూడదు, వాద్యం వేదిక మీదే మోగాలి. పక్కింటి పిల్ల కీబోర్డుకి ఒప్పుకుంది. డ్రమ్స్‌కి మనిషి కావాలి.

చిట్టి తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. “నాన్నా, మాకు నువ్వు వాయిస్తావా?”

పిడుగు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. పైకి మాత్రం, “అబ్బో! ఏనుగు చేత పూలు కోయిస్తావా?” అన్నాడు. అని, ఒప్పుకున్నాడు.

సాధనకి ఒక్క రోజే వెళ్ళాడు, అదీ ఆలస్యంగా. అది మెల్లగా నడిచే పాట. చిట్టి చిన్న ఇయర్‌ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. “ఇందులో టిక్కు వినబడుతుంది నాన్నా. మా అడుగులన్నీ దాని మీదే.”

“నాకా? నాకు టిక్కా?” ఛాతీ మీద అరచేత్తో కొట్టుకున్నాడు. “ఇక్కడుందమ్మా నా టిక్కు. నీళ్ళలో చేపకి ఈత నేర్పుతావా?”

మిగతా పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చిట్టి ఆ ఇయర్‌ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకుంది.

ఎంపిక రోజు రానే వచ్చింది. పెద్ద హాలు, నిండా జనం, ముందు వరసలో ఎంపిక చేసేవాళ్ళు. పిడుగు నల్ల బనీను వేసుకొచ్చి, కర్రలు వేళ్ళ మధ్య గిరగిరా తిప్పి కూర్చున్నాడు. మొదటి చరణం బాగానే పోయింది. పిల్లలు నలుగురూ ఒకే మనిషి నాలుగు అద్దాల్లో కనబడినట్టు ఆడుతున్నారు. రెండో చరణానికి పిడుగు చేతులకు మెల్లగా నడవడం విసుగనిపించింది. అతనికి తెలియకుండానే నడక పెరిగింది. పిల్లలు అందుకున్నారు. ఇంకా పెరిగింది. మళ్ళీ అందుకున్నారు. మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

అప్పుడు చిట్టి వీపు వెనక చెయ్యి పెట్టి, అరచెయ్యి కిందికి చూపించింది. నెమ్మది, నాన్నా.

పిడుగుకి ఆ క్షణంలో అర్థమైంది. తను పరిగెత్తుతున్నాడు. సరే తగ్గిద్దామని తగ్గించాడు. మరీ తగ్గిపోయింది. కంగారుపడి పెంచాడు. ఏళ్ళ తరబడి ఎంత గట్టిగా, ఎంత జోరుగా అని తప్ప ఆ చేతులకు వేరే చదువు రాదు. ఇప్పుడు మెల్లగా, సమంగా నడవమంటే అవి మాట వినడం లేదు. పిల్లలు మలుపు తిరగాల్సిన చోట దెబ్బ ముందే పడింది. నలుగురిలోకీ చిన్నదైన పిల్ల తడబడి మోకాళ్ళ మీద పడింది.

“ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, ఇక్కడ మద్దెలే ఓడులా ఉందే” అన్నారెవరో ముందు వరసల్లో. పక్కవాళ్ళు నవ్వారు. పిడుగు చెవిన పడనే పడింది.

చిట్టి పాట ఆపలేదు. పడిన పిల్లకి చెయ్యి అందించి లేపుతూనే పాడింది. వెనక్కి తిరిగి తండ్రికి ఆగమని సైగ చేసి, చేతులు తల మీదికెత్తి చప్పట్లు మొదలుపెట్టింది. జనం అందుకున్నారు. ముక్కూ మొహం తెలియని అంతమంది జనం, పిడుగు నిలబెట్టలేని లయని చప్పట్లతో నిలబెట్టారు. పిల్లలు మళ్ళీ అడుగులో పడ్డారు. ఆడుతూ పాడుతున్నా చిట్టి గొంతు వణకలేదు, ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా తెలియలేదు. తన ఇంటి హాల్లో ఇన్నాళ్ళూ జరిగింది ఏమిటో పిడుగు మొదటిసారి విన్నాడు. కర్రలు ఒళ్ళో పెట్టుకుని, అంత వెలుతురులో, అందరికీ కనబడుతూ, ఊరికే కూర్చున్నాడు. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

పాట అయ్యాక తెర పక్కకి ఎంపిక బృందం పెద్ద వచ్చింది, ఆమెను అందరూ పాటల మేడమ్ అనేవారు. వెనకాలే మిగతా న్యాయనిర్ణేతలూ ఉన్నారు.

“మధ్యలో ఏమైంది? లయ ఎందుకు చెదిరింది?” అని అడిగింది.

చిట్టి ఒకసారి తండ్రి మొహం చూసింది. తర్వాత మేడమ్ వైపు తిరిగింది.

“నేనే తొందరపడ్డాను మేడమ్. నన్ను అందుకోబోయి నాన్న కూడా...”

అంతవరకూ చెప్పి ఆగింది. మేడమ్ పిడుగు వైపు చూసింది. ఒక్క మాట చాలు. కాదండీ, నాదే తప్పు. ఇంతే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చుట్టూ మనుషులున్నారు. నవ్విన వాళ్ళూ అందులోనే ఉన్నారేమో! పిడుగు వంగి, విప్పాల్సిన పనేమీ లేకపోయినా, కాలితో తొక్కే డ్రమ్ము పెడల్ మర విప్పుతూ కూర్చున్నాడు.

“సరే” అని మేడమ్ వెళ్ళిపోయింది.

కాసేపటికి వేదిక మీద పేర్లు పిలిచారు. చిట్టితో పాడిన ముగ్గురినీ పిలిచారు, మోకాళ్ళ మీద పడిన చిన్నదాన్ని కూడా. చిట్టిని పిలవలేదు. స్నేహితురాళ్ళని కావలించుకుని చిట్టి చాలా గట్టిగా నవ్వింది. అంత గట్టిగా నవ్వడం ఆ పిల్ల అలవాటు కాదు.

హాలు వెనక వ్యానులోకి డ్రమ్స్ ఎక్కిస్తున్నప్పుడు, బ్యాండులో బేస్ గిటారు వాయించే లావుపాటి స్నేహితుడు సాయం పట్టాడు. చిట్టికి అతను బండ బాబాయ్.

“నేను పరిగెత్తుతానట్రా?” అన్నాడు పిడుగు, కాదంటాడేమోనన్న ఆశతో.

బండ బాబాయ్ డ్రమ్ము కింద పెట్టాడు. “పరిగెత్తుతావు.”

“ఎప్పట్నుంచి?”

“ఎప్పుడు నడిచావు గనక? నువ్వు ఉరుకుతావు, నీ వెనక మేమూ ఉరుకుతాం. ఆ మోతలో ఎవడికి తెలుస్తుంది?”

“మరి ఒక్కడైనా చెప్పి ఏడవచ్చుగా!”

“చెబితే వినే రకమా నువ్వు? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళాయె. చిట్టికీ తెలుసు. పోయిన వారం ఇంటికొచ్చి, ‘నాన్న పరిగెత్తినప్పుడు మీరేం చేస్తారు బాబాయ్?’ అని అడిగింది. పాటని రకరకాల వేగాల్లో సాధన చేశారట పాపం, నువ్వు ఎంత ఉరికినా అందుకోవాలని. ఇవాళ అంతకన్నా మించిపోయావు.”

“తెలిసీ నన్నెందుకు పిలిచిందిరా మరి?”

“నేనూ అదే అడిగా. ‘ఒక్కసారి మాతో కలిసి వాయిస్తే మమ్మల్ని వెక్కిరించడం మానేస్తాడేమో బాబాయ్’ అంది.”

పిడుగుకి తల కొట్టేసినట్టయింది. చేతిలో ఉన్న ఇత్తడి సింబల్ పళ్ళేన్ని అక్కడే నేల మీద పడేసి హాల్లోకి పరిగెత్తాడు. పాటల మేడమ్ బల్ల దగ్గర సంచీ సర్దుకుంటోంది.

“మేడమ్, లయ చెడగొట్టింది నేను. మా అమ్మాయి తప్పు రవ్వంత లేదు. కావాలంటే అందరినీ పిలవండి, అందరి ముందూ చెప్తాను.”

ఆమె సంచీ పక్కన పెట్టింది. “నాకూ ఆ అనుమానమే వచ్చిందండీ. అందుకే లేచి వచ్చి మరీ అడిగాను. పడిన పిల్లని లేపుతూ పాట నిలబెట్టింది, నాకు ముందు ఆ అమ్మాయే కావాలనిపించింది. కానీ తప్పు తనదేనని తనే అంది. మావాళ్ళందరూ విన్నారు. మీరు పక్కనే ఉన్నారు, కాదనలేదు. తొందరపడే గాయనిని ముందు పెడితే వెనక బృందమంతా పడుతుందన్నారు వాళ్ళు. నేనేం చెప్పను?”

“ఇప్పుడు చెప్తున్నాను కదా మేడమ్.”

“ఇప్పుడా?” ఆమె తలుపు వైపు చూపించింది. అక్కడ ఒక పిల్ల ఫోనులో తల్లితో మాట్లాడుతూ ఏడుస్తోంది, నవ్వుతోంది. “మీ అమ్మాయి స్థానం ఆ పిల్లకిచ్చాం. వెళ్ళి లాక్కు రమ్మంటారా?”

పిడుగు అడ్డంగా తల ఊపాడు. బయటికి ఎలా నడిచాడో అతనికే తెలియదు.

చిట్టి మెట్ల మీద కూర్చుని ఉంది. అతను నేల మీద పడేసిన సింబల్ తీసి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

“ఎక్కడికెళ్ళావు నాన్నా?”

“మేడమ్ దగ్గరికి. తప్పు నాదని చెప్పడానికి.” పక్కన కూర్చున్నాడు గానీ కూతురి వైపు చూడలేకపోయాడు. “ఎందుకమ్మా నీ మీద వేసుకున్నావు? నీ రెండేళ్ళ కల అది.”

“నువ్వు ఊరుకోవనుకున్నా నాన్నా” అంది చిట్టి. “పాట గురించి నేనేం మాట్లాడినా మధ్యలో అడ్డొస్తావు కదా. అప్పుడూ వస్తావనుకున్నా.”

ఆ మాట కోపంగా అన్నా బాగుండేది.