ఆయన చేతి మీది బిళ్ల

ముసలాయన ఒక కన్ను మూసుకుని బోర్డు మీది అక్షరాలు చదువుతున్నాడు. నాలుగో వరుస దాకా బాగానే వచ్చాడు. అయిదో వరుసలో ఉండగా, ఆయన చేత చదివిస్తున్న ఆమె సంచిలోని ఫోనులోంచి మొగుడి షుగరు అరిచింది.

"అదేంటమ్మా, ఎక్కడైనా నిప్పంటుకుందా?" అన్నాడు ముసలాయన, రెండో కన్ను కూడా తెరిచేసి.

"కాదు తాతగారూ. మా ఆయన ఏదో తిన్నారు."

కళ్లజోళ్ల దుకాణం యజమాని తలెత్తి ఒక చూపు చూశాడు. నీ సంసారం ఇంటి దగ్గర పెట్టి రా, అని దాని అర్థం. ఆమె ఫోను నోరు నొక్కి, ముసలాయన చేత మళ్లీ మొదటి వరుస నుంచి చదివించింది.

మొగుడు కారు నడపడం నేర్పిస్తాడు. ఆయన జబ్బ వెనక కోటు గుండీ అంత బిళ్ల అంటించి ఉంటుంది. అందులోంచి వెంట్రుకంత తీగ చర్మంలోకి దిగి, షుగరెంతో అయిదు నిమిషాలకోసారి ఆయన జేబులోని పాత ఫోనుకి చెబుతుంది. ఆ ఫోను గొంతు ఆయన మొదటి రోజే నొక్కేశాడు. "స్టీరింగు పట్టుకున్నవాళ్లు ఉలిక్కిపడితే నేను చస్తాను. నీదేముంది, అద్దాలు తుడుచుకుంటూ కూర్చోవడమేగా," అన్నాడు. అందుకని ఆ అంకె అక్కడి నుంచి మూడు ఫోన్లకి పోతుంది. ఒకటి ఆమెది. ఒకటి అత్తగారిది. ఒకటి పొరుగూళ్లో ఉండే ఆడపడుచుది. తినే నోరు ఒకటి, మోగే ఫోన్లు మూడు, చీవాట్లన్నీ ఆమెకి.

ముసలాయన లేచి వెళ్లీ వెళ్లకముందే ఆడపడుచు ఫోను.

"వదినా, రెండొందల డెబ్భై! ఏం పెట్టి పంపావు అన్నయ్యకి?"

"ఉడికించిన కూరలు. ఆ డబ్బా మూతైనా తీసి ఉండరు. ఎక్కడో కేకు తిన్నారు."

"మరి తింటుంటే నువ్వేం చేస్తున్నావు?"

యాభై ఏళ్ల మనిషికి నోరుంది గానీ చేతులు లేవని ఆ ఇంట్లో అందరి నమ్మకం. ఎవరో ఒకరు పెడితేనే ఆయన తింటాడు. డాక్టరు కూడా అంతే. రోగి ఎదురుగా కూర్చుని గోడ మీది క్యాలెండరు చూస్తుంటే, "పడుకోబోయే ముందు ఏం తింటున్నారమ్మా?" అని ఆమెని అడుగుతాడు. ఆమె చెబుతుంది. ఆయన ఎప్పుడు నిద్ర లేస్తాడో, ఏ మాత్ర మానేశాడో, ఎంత దూరం నడిచానని అబద్ధమాడాడో, అన్నీ చెబుతుంది. పద్నాలుగు రోజులకోసారి పాత బిళ్ల పీకి, దూదితో తుడిచి, కొత్తది నొక్కేది ఆమే. సూది చూస్తే కళ్లు తిరుగుతాయని ఆయన మొహం తిప్పుకుంటాడు. "మెల్లిగా! గొడ్డుకి ముద్ర వేస్తున్నావా?" అంటాడు. అంకె తగ్గితే అత్తగారు కొడుకు బుగ్గ నిమురుతుంది. పెరిగితే, "దుకాణం దుకాణం అని ఊరేగితే ఇల్లు ఇలాగే ఉంటుంది," అంటుంది.

కిందటిసారి ఆసుపత్రిలో, వాళ్ల వంతు వచ్చేలోగా ఆమె సీసాడు నీళ్లు రెండుసార్లు తాగింది. నర్సు అది కనిపెట్టి, ఏమీ అడక్కుండానే ఆమె వేలు పట్టుకుని పొడిచింది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?"

"లేదమ్మా."

"తినకుండానే రెండొందల ఎనభై ఆరు. మీరు కూడా డాక్టరుగారికి చూపించుకునే వెళ్లండి."

మొగుడు తన పని అయిందని అప్పటికే గుమ్మం దాటాడు. "నాకు క్లాసుంది. నీదేముంది, మళ్లీ నాకోసం వచ్చినప్పుడు చూపించుకుందువులే," అన్నాడు. అది జరిగి నెల దాటింది. ఈ నెలలో ఆమె దాహం పెరిగింది, ఒళ్లు తగ్గింది. ఇంట్లో ఎవరూ చూడలేదు. అంకె కనబడితేనే చూసే మనుషులు వాళ్లు. ఆమెకి అంకె లేదు.

ఆదివారం నాడు ఆయన బిళ్ల గడువు తీరింది. ఆమె కొత్తది పట్టుకొచ్చేసరికి ఆయన చొక్కా వేసేసుకున్నాడు.

"ఈ ఒక్కరోజు నా ఒళ్లు నాకొదిలెయ్. పేకాటకి వెళ్తున్నా. అక్కడా మీ కాపలాయేనా?"

పాత ఫోను బల్ల మీదకి గిరాటేసి, కొత్త ఫోనొక్కటే జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె కాసేపు ఆ బిళ్ల వైపు చూసింది. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది. దూదితో తుడుచుకుని నొక్కుకుంది. నొప్పేం లేదు. ఇంతదానికా మూడేళ్లుగా ఆ మూలుగులు! కొత్త బిళ్ల మొదలుపెట్టాలా అని పాత ఫోను అడిగితే, సరేనంది. ఆ ఫోనులో ఉన్నది ఆయన పేరని ఆమెకి తట్టలేదు.

బిళ్ల గంట సేపు సర్దుకుంది. తర్వాత మూడు ఫోన్లూ ఒక్కసారి అరిచాయి.

పక్కగదిలోంచి అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది. ఆవిడ చేతిలోని ఫోనులోంచి ఆడపడుచు ఏడుస్తోంది. "మూడొందల పదకొండు! వదినా, మా అన్నయ్యని ఏం చెయ్యదలుచుకున్నావు?"

"వాడెక్కడే? పడిపోయాడా?" అంది అత్తగారు.

"పేకాడుతున్నారు. ఆయనకి బిళ్ల లేదు. ఇది నా చేతికుంది. ఆ మూడొందల పదకొండు నాది."

"నీదా?" అంది ఆడపడుచు. "హమ్మయ్య! ప్రాణం లేచొచ్చిందనుకో. ఇంకా అన్నయ్యదేమో అని చచ్చాను."

అత్తగారు కుర్చీలో కూలబడి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ముందే చెప్పొద్దుటే అమ్మాయ్? ఎంత కంగారు పెట్టావు! కాస్త టీ పెట్టు, కాళ్లు వణుకుతున్నాయి."

ఆమె కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో వాళ్లు అన్న ఏ మాటా ఇంత శుభ్రంగా లేదు. తిట్టు కాదు, దెప్పు కాదు. మనసారా సంతోషించారు.

ఆమె పాత ఫోను తీసి, అంకెలు అందుకునేవాళ్ల జాబితాలోంచి అత్తగారిని, ఆడపడుచుని తీసేసింది. పైన ఆయన పేరు కొట్టేసి తన పేరు పెట్టింది. దాన్ని సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

"టీ?" అంది అత్తగారు.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి అత్తయ్యా. నేను ఆసుపత్రికి వెళ్తున్నాను."

"ఆదివారం డాక్టరెక్కడ దొరుకుతాడే?"

"డ్యూటీ డాక్టరు ఉంటాడు."

"మరి వాడొస్తే అన్నం?"

ఆమె తలుపు చేరవేసి మెట్లు దిగింది.

ఆసుపత్రి గేటు దగ్గర ఉండగా మొగుడు ఫోను చేశాడు.

"ఎక్కడ చచ్చావు? అమ్మ ఏదో అంటోంది, నాకేం అర్థం కావడం లేదు. ఇక్కడ రెండు కేకు ముక్కలు తిన్నా, ఒళ్లంతా అదోలా ఉంది. కాస్త చూసి చెప్పు, నాకెంతుంది?"

"నాకు తెలీదు," అంది ఆమె. "నాకు మూడొందల ఇరవై ఉంది."