రేవు దగ్గర రెండో దారి

ఆ గ్రంథాలయంలో పిల్లల గది మేడ మీద, ఒక మూల. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి మెట్ల మీద చెప్పులు కుప్పలు పడతాయి, లోపలి గోలకి చెవులు చిల్లులు పడతాయి. "నోళ్ళు ముయ్యండర్రా, కథ మొదలెడుతున్నా!" అని లైబ్రేరియన్ ఒక్క కేక వేస్తే చాలు, గదంతా గప్‌చుప్. పిల్లలందరికీ ఆమె అత్త.

అత్తకి ఒక పంతం. అద్దాల బీరువాలో మగ్గిపోతున్న పాత నవలల్ని ఈ పిల్లల చేత చదివించి తీరాలి. ఊరికే చదవమంటే ఎవరు చదువుతారు? లావు చూసే పారిపోతారు. అందుకని నవలని విడగొట్టి, దారుల కథగా రాసి, విడి కాగితాలుగా ఫైల్లో పెట్టుకుంది. మలుపు రాగానే ఆగి, "ఇటా, అటా?" అని అడుగుతుంది. పిల్లలు చేతులెత్తుతారు. ఎటు ఎక్కువ చేతులుంటే కథ అటు. ఆ దారి మూసుకుపోతే వచ్చే శనివారం మళ్ళీ మలుపు దగ్గరికే.

ఇప్పుడు నడుస్తున్నది ఓ తల్లీకూతుళ్ళ కథ. తల్లి కూతుర్ని రేవులో వదిలేసి పడవెక్కి పోతుంది. పాప ఒడ్డునే నిలబడి అమ్మని కేకెయ్యాలా, అడవి దారిన వెతుక్కుంటూ పోవాలా? అడవిలో పులి ఉందని అందరికీ తెలుసు. ఇంకేం, చేతులన్నీ అడవికే. ఒక్క చెయ్యి మాత్రం ప్రతిసారీ రేవు వైపు లేచేది.

ఆ చెయ్యి ప్లీడరమ్మది. దేనికైనా ఎదురు ప్రశ్న వేస్తుందని పిల్లలు పెట్టిన పేరు. మూడో తరగతి పిల్ల. తండ్రి సరుకుల వ్యాను నడుపుతాడు. తల్లి ఇల్లొదిలి వెళ్ళి ఏడాది దాటింది, ఎక్కడుందో కబురు లేదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, అత్తకీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ చెయ్యి ఎందుకు లేస్తోందో ఆమెకి తట్టనే లేదు.

"ఒక్కసారి అటు చదవొచ్చుగా అత్తా," అని పిల్ల అడిగితే, "ఎక్కువ చేతులు తెచ్చుకో, చదువుతా," అని నవ్వేసేది.

అసలు సంగతేమిటంటే, అటు చదవడానికి ఏమీ లేదు. మొదట్లో అత్త రెండు దారులూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసేది. పిల్లలు ఎప్పుడూ పులి వైపే పోతుంటే, ఎవరూ తొక్కని దారి రాసి వేళ్ళు నొప్పెట్టుకోవడం దేనికి అనిపించింది. రేవు దారి అని గుర్తుగా ఓ ఎర్ర కాగితం పెట్టి, వెనక ఖాళీ కాగితం తగిలించి ఊరుకుంది. బద్ధకానికి బద్ధకం, పైగా ఎవరు చూడొచ్చార్లే అన్న ధీమా.

ప్లీడరమ్మ వదులుతుందా! ఓ వారమంతా రేవు దారికి ప్రచారమే. కిటికీ పక్కనున్న తన చోటు ఒకడికి ఇచ్చేసింది. రంగు పెన్సిళ్ళు ఇంకొకతెకి ధారపోసింది. పులంటే పడి చచ్చే కవలలిద్దరికీ లెక్కలు చేసిపెట్టింది. శనివారం అత్త, "రేవులోనే ఉందామా?" అనగానే సగానికి పైగా చేతులు లేచాయి. పిల్ల రెండు చేతులూ ఎత్తేసింది.

"ఒక చెయ్యే లెక్క ప్లీడరమ్మా!"

"అయినా మేమే గెలిచాం అత్తా! చదువు, చదువు!"

అత్త ఎర్ర కాగితం తిప్పింది. వెనక తెల్లగా వెక్కిరిస్తోంది. ఇంకా రాయలేదమ్మా అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్క నోట రాలేదు. ఇంతమంది పిల్లల ముందు పరువేం కాను! చదువుతున్నట్టు నటిస్తూ అప్పటికప్పుడు అల్లింది.

"పాప కేకేసింది. అమ్మకి వినబడింది. పడవ వెనక్కి తిప్పింది..."

పిల్ల ముందుకు జరిగింది. అత్తకి తర్వాతేం చెప్పాలో తోచలేదు. చేతిలో ఉన్నది అడవి దారి ఒక్కటే.

"ఇంతలో ఏరు పొంగింది. పడవ కొట్టుకుపోయింది. చేసేది లేక పాప అడవి దారి పట్టింది."

"హమ్మయ్య, పులి!" అని కవలలు ఎగిరి గంతేశారు.

"అంటే, ఎటు చెప్పినా అడవేనా అత్తా?" అంది ప్లీడరమ్మ.

"కథంటే అంతేనే తల్లీ."

పిల్ల మిగతా కథంతా నేల చూస్తూ కూర్చుంది.

సాయంత్రం ప్లీడరమ్మని తీసుకెళ్ళడానికి తండ్రి వచ్చాడు. "ఇవాళ అమ్మ తిరిగొచ్చే దారి చదువుతారటగా మేడమ్? వారం నుంచీ ఇంట్లో ఒకటే పాట. చదివారా?"

అత్తకి ఆ చెయ్యి ఎందుకు లేచిందో అప్పటికి గానీ తెలిసిరాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

మళ్ళీ శనివారం దాకా రాసింది, చింపింది, మళ్ళీ రాసింది. తల్లి పడవ తిప్పుకొచ్చింది. రేవు మెట్లెక్కింది. పాపని చంకనేసుకుంది. అత్త అంత బాగా ఎప్పుడూ రాయలేదు. ఆ బుద్ధి ముందే ఏమైందో!

ఈసారి చేతులెత్తమనలేదు, నేరుగా చదివేసింది. పులి రాలేదని కవలలు సణిగారు. ప్లీడరమ్మ గోడకానుకుని, చేతులు కట్టుకుని వింది. అందరూ పోయాక బల్ల దగ్గరికొచ్చింది.

"ఇది మొన్న లేదు కదత్తా?"

"లేదమ్మా. మొన్న అబద్ధమాడాను, తప్పు నాదే. ఇది నీకోసమే రాశాను."

"అయితే ఇదీ నువ్వు అల్లిందేగా."

కోపంగా కూడా అనలేదు. అద్దాల బీరువా దగ్గరికి వెళ్ళి, ఆ తల్లీకూతుళ్ళ కథున్న లావుపాటి నవల రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. "అసలుది ఇదేగా. ఇంటికిస్తావా?"

ఆ బీరువాలోంచి ఓ పిల్ల తనంతట తాను పుస్తకం తీసి అడగాలని అత్త ఎన్నాళ్ళు కలలు కందో! ఆ రోజు రానే వచ్చింది. తీరా చూస్తే ముద్ర వెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

"ఇందులో ఆఖరికి అమ్మ వస్తుందా?"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "రాదమ్మా."

"ఎంత పిలిచినా?"

"ఎంత పిలిచినా."

పిల్ల కాసేపు అట్ట నిమిరింది. "దీన్లో ఎటు పోదామని మనల్ని అడగరుగా?"

"అడగరు."

"అదే నయం," అంది.

అత్త ముద్ర వేసింది. పిల్ల పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని మెట్లు దిగి పోయింది. ఆ తర్వాత కూడా శనివారాలు వచ్చేది, బుద్ధిగా కూర్చుని కథ వినేది. అత్త ఎంత బతిమాలినా చెయ్యి మాత్రం మళ్ళీ ఎత్తలేదు.