చేమగుంటలో తుప్పు

ఊరు ఊడవమని నాకెవరూ చెప్పలేదు. నా అంతట నేనే ఎగబడ్డాను. మా దీవికి చెత్త ఓడ వస్తుందని, సీసాలూ డబ్బాలూ ఇనుమూ ఏదున్నా ఎక్కించుకుపోయి, కరిగించి మళ్ళీ వస్తువులు చేస్తారని రేడియోలో విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. ఇల్లిల్లూ తిరిగాను. "ఈ పెంటలో ఎలా పడుకుంటున్నారే, సిగ్గులేదూ?" అని ఆడవాళ్ళతో పోట్లాడాను. పొరుగింటి తెరెటియా నన్ను చూస్తే చాలు, "బౌరినా వస్తోంది, ముసలాళ్ళని దాచుకోండి, గోనెలో వేసుకుపోతుంది" అని నవ్వేది.

ఊరు అయ్యాక, ఇసుకలో నీరు తగిలేదాకా తవ్వి చేమ పెంచే మా గుంట మీద పడ్డాను. పోయినేడు సముద్రం పొంగి ఊళ్ళో గుంటలన్నీ ఉప్పు పట్టిపోయాయి. మిగిలింది మాదొక్కటే, అందులో పద్నాలుగు మొక్కలు. మా ముత్తవ్వ నాటిన రకం. ఇవి పోతే ఆ విత్తనం ఇంకెక్కడా లేదు.

గుంట మా పెదనాన్న నబెటారిది. షుగరు జబ్బుతో కాలు తీసేశాక ఆయన చాప దిగలేదు, పని నా మీద పడింది. చేమకు ఎరువుగా పెట్టే మేత ఇంటి గుట్టు. కన్నకూతురికైనా ఒక్కసారిగా చెప్పరు. ఈ నెల ఈ ఆకు వెయ్యి, వచ్చే నెల చెబుతాలే, అంతే. మొక్కల మొదళ్ళలో తుప్పుపట్టిన మాంసం డబ్బాలు కుప్పలుగా కనిపిస్తే, తాగుబోతులెవరో విసిరారనుకున్నాను. మూడు గోనెలయ్యాయి. పెదనాన్న గుడిసె ముందు నుంచే మోసుకెళ్ళాను. ఆయన చూసి అటు తిరిగి పడుకున్నాడు. ఓడ వెళ్ళిపోయింది.

నాలుగు నెలలు తిరిగేసరికి లేతాకులు పసుపు తేలాయి. ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలాయి. ఉప్పేమోనని గుంటనీళ్ళు నోట్లో పోసుకున్నాను. తియ్యగానే ఉన్నాయి. ఆకుమేత రెట్టింపు చేశాను, పంది పేడ వేశాను. అయినా నాలుగు మొక్కలు కూలిపోయాయి. పెదనాన్న దగ్గరికి పరిగెత్తాను.

"పెదనాన్నా, చేమ చచ్చిపోతోంది. ఏం వెయ్యాలో చెప్పు."

"మీ అత్తారి గుంట ఎలా ఉందే?" అన్నాడు అటు తిరిగి.

"అదీ పోయినేడే ఉప్పు పట్టిపోయింది, నీకెవరూ చెప్పలేదా? ఇప్పుడు దాని ఊసెందుకు?"

"మూడు గోనెలు తీసుకెళ్ళి అందులో పోశావుగా. నాకు కాలు పోయింది గానీ కళ్ళు పోలేదు."

"ఆ డబ్బాలా? ఓడకిచ్చేశాను. చెత్త కదా."

ఆయన ఇటు తిరిగాడు.

"ఓడకా," అన్నాడు. "దొంగతనం చేశావనుకున్నాను. దొంగతనమైనా బాగుండేది. ఈ తెల్ల ఇసుకలో ఏముందే పిచ్చిదానా? ఆ తుప్పు తినబట్టే చేమ ఆకుపచ్చగా ఉండేది. మొదట మా నాన్న వేశాడు, తరవాత నేను వేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాలుగు నెలలు నోరు కుట్టుకుని పడుకున్నావు. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

ఇద్దరం ఏడ్చాం.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తుప్పు కోసం ఇల్లంతా గాలించాను. మేకు ముక్క లేదు. ఇప్పుడు దుకాణంలో అమ్మే పానీయాల డబ్బాలు అల్యూమినియంవి, వందేళ్ళకైనా తుప్పు పట్టవు. చివరికి పెదనాన్నే తన తలమీది తుప్పుపట్టిన కప్పు రేకు చూపించాడు.

"అది ఊడదియ్యి."

"వానొస్తేనో?"

"జరిగి పడుకుంటాను. ఒంటికాలివాడికి ఎంత చోటు కావాలి?"

నాకు నవ్వు రాలేదు. రేకు చివర్లు చేత్తో నలిపితే పొడి రాలింది. మొక్కకు పిడికెడు కూడా రాలేదు. తిరిగొచ్చేసరికి వాన పడుతోంది. ఆయన ఓ మూలకు జరిగి, తడిసిన చాప మీద ముడుచుకుని ఉన్నాడు.

"వేశావా?"

"వేశాను."

"ఎవరికీ చెప్పకు," అన్నాడు.

సరేనన్నాను. నెల తిరక్కుండా తొమ్మిది మొక్కలు పోయాయి. మిగిలిన ఒక్కదాని మొవ్వాకు ఈ పొద్దున విచ్చుకుంది. అదీ పసుపే.

తిన్నగా ఊరి సభ జరిగే మనేబాకు వెళ్ళాను. ఊరంతా ఆ కప్పు కిందే కూర్చుని ఉంది. పెద్దల ముందు మోకాళ్ళ మీద కూలబడి, పెదనాన్న ఇన్నేళ్ళు దాచిన గుట్టు మొత్తం విప్పేశాను. తుప్పుపట్టిన డబ్బా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఉంటే ఇమ్మని చేతులు జోడించి అడుక్కున్నాను. ఎవరూ లేవలేదు. చివరికి తెరెటియా తల దించుకుని మెల్లగా అంది.

"మా ఇంట్లో నువ్వేమీ మిగల్చలేదమ్మా, బౌరినా."